మూడు ఇత్తడి రింగులు

ఆ వేసవిలో మా నాన్న మెడను అందరూ చూశారు, ఆయన తప్ప.

గుడ్డ పందిళ్ళు కట్టడం మా ఇంటి పని. దుకాణాల ముందర, బడి మెట్ల మీద, జనం వరసలో నిలబడే ప్రతి చోటా ఎండకూ వానకూ అడ్డంగా కాన్వాసు పరిచేవాళ్ళం. నాన్న కొలిచి కోసేవాడు. అమ్మ మిషను మీద కుట్టేది. అంచుల వెంట చిల్లులు పొడిచి, తాళ్ళు దూర్చేందుకు ఇత్తడి రింగులు బిగించడం నా వంతు. నాన్నను అందరూ నీడ మేస్త్రి అనేవారు. అందరికీ నీడ పరిచిన ఆ మనిషి మాత్రం నలభై ఏళ్ళుగా నిచ్చెన చివర, మెడ వంచి, ఎండలోనే నిలబడ్డాడు. టోపీ పెట్టుకోమంటే కొలత మీద చూపు ఆనదనేవాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ పందిరికి ఏ సైజు రింగు వాడామో మరిచిపోకుండా, ఆ రకం రింగు ఒకటి తీసి, పని పుస్తకంలో ఆనాటి పేజీకి దారంతో కుట్టేస్తాం. ఏళ్ళ తరవాత రింగు ఊడిందని ఎవరైనా వస్తే, పేజీ తిప్పి జోడీ చూసుకుంటాం. ఆ పుస్తకం నా దగ్గర ఉండేది. తేదీ, కొలత, రింగు. నలుగురిలో నోరు విప్పాలంటే గొంతు తడారిపోయే నాకు ఆ మూడూ చాలినంత భాషగా ఉండేవి.

పద్ధతితో పాటు మాకొక మాట కూడా ఉండేది. కొత్త కాన్వాసు బిగించిన రోజున ఎక్కడో ఒకచోట ఉబ్బి కనిపిస్తుంది. దుకాణం ఆసామి వేలెత్తి చూపిస్తాడు. నాన్న నిచ్చెన దిగుతూ, తల కూడా ఎత్తకుండా చెప్పేవాడు: "మొదటి వాన పడనివ్వండి. అదే సర్దుకుంటుంది." అలాగే సర్దుకునేది. తడిసిన గుడ్డ బిగిసి, ఆరేసరికి ఉబ్బు జాడ వెతికినా దొరికేది కాదు. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. నాకు మాటలొచ్చిన కొత్తలో అన్నం అడగడం కన్నా ముందు ఆ మాటే నేర్చుకున్నానని అమ్మ వేళాకోళం చేసేది.

రొట్టెల దుకాణం పందిరి కడుతున్న రోజున, సుద్దతో గీత గీయడానికి నాన్న నేల మీదికి వంగాడు. జుట్టు ఆగిపోయి చర్మం మొదలయ్యే చోట, మిరియం గింజ కన్నా కాస్త పెద్దదిగా, ఊదారంగు కలిసిన ఎరుపులో, నూనె రాసినట్టు మెరుస్తూ ఒక బుడిపె కనిపించింది. నా చేతిలో చిన్న రింగు ఉంది. ఊరికే, ఆటకి, దాని చుట్టూ పెట్టి చూశాను. కొలిచి చేసినట్టు పట్టింది.

"నాన్నా, నీ మెడకి బొత్తాం మొలిచింది."

"అయితే కాజా కుట్టమను మీ అమ్మని," అన్నాడు, గీత మీంచి చూపు మరల్చకుండా.

నొప్పిగా ఉందా అని అడిగాను. లేదన్నాడు. సాయంత్రం ఆ రింగునే ఆ పేజీకి కుట్టాను.

పద్ధెనిమిది రోజులకు బడి పందిరి. ఆ పొద్దున నాన్న తల తుడుచుకుంటుంటే అమ్మ వెనక నిలబడి, అది మొన్నటి కన్నా పెరిగినట్టు లేదూ అంది. నేను చిన్న రింగు తెచ్చి పెట్టాను. అంచు దాని మీదే కూర్చుంది, కిందికి దిగలేదు. నడిమి రింగు పెట్టాను. అది పట్టింది. అమ్మ పోరగా పోరగా, బడికి వెళ్ళే దారిలో నాన్న వీధి చివరి డాక్టరు దగ్గర ఆగాడు. ఆయన రెండు నిమిషాలు చూసి, వేలితో నొక్కి, నొప్పి లేదు కనుక కొవ్వు గడ్డే అయివుంటుందనీ, తొందరేమీ లేదనీ, వానలు పడి కాస్త చల్లబడ్డాక తీసేద్దామనీ చెప్పాడట. ఆ సాయంత్రం నాన్న గెలిచినవాడిలా ఇంటికొచ్చాడు.

"విన్నావా? డాక్టరు కూడా వాన పడనివ్వమన్నాడు."

అమ్మ నవ్వలేదు. నేను నవ్వాను. నిజం చెప్పాలంటే నాకు అమ్మ భయం కన్నా నాన్న మాట మీదే నమ్మకం ఎక్కువ. ఆ మాటను నేనూ ఎందరికో చెప్పాను, చెప్పిన ప్రతిసారీ అది నిజమైంది.

తరవాత బస్సు డిపో పని వచ్చింది. ఆరు వరసల పందిరి, మా ఇంట్లో అంత పెద్ద గుడ్డ ఎన్నడూ పరవలేదు. వానలకు ముందే ఎక్కాలన్నది షరతు. ఇల్లంతా కాన్వాసే. మంచం కింద గుడ్డ, పొయ్యి పక్కన గుడ్డ, నడవాలంటే మడతలు దాటాలి. ఒక మధ్యాహ్నం నాన్న ఆ గుడ్డల మీదే బోర్లా పడి నిద్రపోయాడు. బడి పందిరి కట్టి అప్పటికి పదహారు రోజులు. నేను పక్కన కూర్చుని నడిమి రింగు తీశాను. పట్టలేదు. పెద్ద రింగు తీశాను. అది మా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పెద్దది. ఊపిరి బిగబట్టి పెట్టాను. పట్టింది, కానీ రింగుకీ బుడిపెకీ మధ్య దారమంత సందు కూడా మిగల్లేదు.

నాన్న కదల్లేదు. రింగు తగిలినట్టే ఆయనకు తెలియలేదు.

డిపో పేజీకి ఆ రింగు కుట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమవుతుందని భయం. చెప్పకపోయినా అది పెరుగుతుందన్న సంగతి, సూది పట్టుకున్న ప్రతిసారీ వేళ్ళకు తెలుస్తూనే ఉండేది.

నాలుగో రోజున మిషను చప్పుడు ఆగిపోయింది. మా ఇంట్లో ఆ చప్పుడు ఆగడమంటే గడియారం ఆగినట్టు. నాన్నా నేనూ ఒకేసారి తలలెత్తాం. అమ్మ మిషను సూది విప్పి, అగ్గిపెట్టెలో పెట్టి, పెట్టెను గుప్పిట్లో బిగించి కూర్చుంది.

"కుట్టవేం?" అన్నాడు నాన్న.

"సూది లేదు."

"చేతిలో ఉందిగా."

"మీ మెడని చర్మం డాక్టరు చూశాక మిషనుకి వస్తుంది. పొద్దున మీ చొక్కా ఉతికాను. కాలరు లోపల అది రాసుకున్న మరక ఉంది. పోయిన వారం లేదు."

"డిపో వాళ్ళకి నేనేం చెప్పను?"

"మా ఆవిడ సమ్మె చేస్తోందని చెప్పండి. అబద్ధం కూడా కాదు."

నాన్న నా వైపు చూశాడు. కొవ్వు గడ్డని డాక్టరే చెప్పాడుగా, మీ అమ్మకి నువ్వైనా చెప్పు అన్నట్టున్న చూపు. నేను తల దించుకుని దారం ముడి విప్పుతూ కూర్చున్నాను. ఆ ముడి ఎప్పుడో విడిపోయింది.

చర్మం డాక్టరమ్మ గది చిన్నది. కిటికీ లోంచి ఎండ సరాసరి బల్ల మీద పడుతోంది. ఆ కిటికీకి పందిరి ఎన్ని మూరలు పడుతుందో నాన్న కళ్ళతోనే కొలిచేశాడని నాకు తెలుసు. ఆమె చేతి తొడుగులు వేసుకుని, బుడిపె చుట్టూ, తరవాత చెవుల కింద, దవడ కింద, మెడ రెండు పక్కలా వేళ్ళతో మెల్లగా వెతికింది. ఎన్నాళ్ళ నుంచీ ఉందని అడిగింది.

"ఏడాది అయివుంటుందమ్మా," అన్నాడు నాన్న. "ఉండీ ఉండీ అలవాటైపోయింది. నొప్పా, దురదా, ఏమీ లేదు."

ఆ అబద్ధం ఎందుకో నాకు అర్థమైంది. పాత గడ్డకి తొందర ఉండదు. తొందర లేకపోతే ఆయన మధ్యాహ్నానికల్లా డిపో గుడ్డ దగ్గర ఉంటాడు. డాక్టరమ్మ కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. అమ్మ నోరు తెరిచి, నాన్న మొహం చూసి, మూసుకుంది. పని పుస్తకం నా ఒళ్ళో ఉంది, దారిలో డిపో కొలతలు సరిచూసుకుందామని తెచ్చింది.

లేచి పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. మొదటి పేజీ, తరవాతది, ఆ తరవాతది. ఒక్కో రింగు మీదా వేలు పెట్టి, తేదీ మీదికి జరిపాను. గొంతు లోంచి వచ్చింది రెండే మాటలు.

"దాని కొలతలే."

ఆమె పుస్తకం దగ్గరికి లాక్కుంది. స్కేలు తీసి మూడు రింగులూ కొలిచింది. రోజులు లెక్కపెట్టింది. తను రాసిన కాగితం చింపి, ఇంకో కాగితం తీసుకుంది.

"ముప్పై నాలుగు రోజుల్లో," అంది మెల్లగా. తరవాత నాన్నతో, "ముక్క ఇవాళే తీస్తాను, పరీక్షకి పంపాలి. మీరెక్కడికీ వెళ్ళకండి," అంది.

నాన్న నన్ను కోప్పడలేదు. ఇంటికెళ్ళే దారంతా నాకు రెండడుగులు ముందు నడిచాడు. మెడ మీద తెల్లటి పట్టీ. ఇల్లు చేరాక అమ్మ అగ్గిపెట్టె తెరిచి సూది మిషనుకి బిగించింది.

ఫలితం రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ మేం ముగ్గురం పని తప్ప మరో మాట మాట్లాడుకోలేదు. ఒక లారీ ఆయన పాత పరదా బాగుచేయమని తెచ్చాడు. మధ్యలో చివికి చిల్లు పడింది. నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గుడ్డను వెలుతురుకు పట్టి, చిల్లు చుట్టూ బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు. చివుకు ఎప్పుడూ కంటికి కనిపించే చోట ఆగదనీ, గట్టి గుడ్డ వేలికి తగిలాక కూడా నాలుగు వేళ్ళు అవతలికి పోయి కోయాలనీ, గుడ్డ మీద జాలిపడి దగ్గరగా కోసినవాడు మళ్ళీ అదే పరదా కుట్టాల్సి వస్తుందనీ చెప్పాడు. ఎన్నోసార్లు చెప్పిందే. ఈసారి మాత్రం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, తన బొటనవేలిని చాలాసేపు చూసుకున్నాడు.

పదకొండో రోజున అదే గది, అదే ఎండ.

ఆమె ఆ జబ్బు పేరు చెప్పింది. మెర్కెల్ సెల్ కార్సినోమా. నాన్న ఇంకోసారి చెప్పమన్నాడు. ఆమె చీటీ మీద రాసిచ్చింది. ఆయన దాన్ని చూసి నాకిచ్చి, పుస్తకంలో పెట్టమన్నాడు. చర్మానికి వచ్చే క్యాన్సర్లలో ఇది చాలా అరుదైనదనీ, ఇన్నేళ్ళలో తను చూసింది ఇది మూడోదనీ ఆమె చెప్పింది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఊపిరితిత్తుల్లో వచ్చే ఒక క్యాన్సర్‌లాగే కనిపిస్తుందట. ఏది ఏదో తేల్చుకోవడానికి రంగులు వేసి మళ్ళీ మళ్ళీ చూశారట, ఆలస్యం అందుకే.

చర్మంలో మెర్కెల్ కణాలని ఉంటాయట. నరాల కొసలను ఆనుకుని కూర్చుని, వేలు ఆనీ ఆనకుండా తగిలినా కబురందించేవి అవేనట. ఈ జబ్బు కణాలు వాటిని పోలి ఉంటాయి కనుక ఆ పేరు. కొంత నరాల కణం పోలిక, కొంత హార్మోన్లు తయారుచేసే కణం పోలిక. నిజంగా వాటి లోంచే పుడుతుందా అన్నది మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదని చెప్పింది.

"ఎండ వల్లేనా?" అంది అమ్మ.

ఎండ ఒక కారణం, వయసు ఒక కారణం. ఇంచుమించు అందరి చర్మం మీదా చడీచప్పుడు లేకుండా ఉండే ఒక వైరస్ కూడా చాలామందిలో దీనికి తోడవుతుందనీ, నాన్న విషయంలో ఏది ఎంతన్నది తను చెప్పలేననీ డాక్టరమ్మ అంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదని కూడా చెప్పింది.

నాన్న అడిగింది వేరు. "గుడ్డ పట్టుకుంటే పోగు మంచిదో చెడ్డదో తెలుస్తుంది చూడండి. అది కూడా ఆ కణాల పనేనా?"

"చాలావరకూ వాటి పనే."

"అయితే ఇన్నాళ్ళూ నన్ను పోషించింది అవేనన్నమాట," అన్నాడు.

అప్పుడు ఆమె అసలు సంగతికి వచ్చింది. ఇది వారాల లెక్కన పెరిగే రకం. ముందు దగ్గరి గ్రంథుల్లోకి, అక్కణ్ణించి ఒంట్లోకి పాకుతుంది. ఆ పొద్దున తీసిన స్కానులో మెడ శుభ్రంగానే ఉంది కానీ, కనబడలేదంటే లేదని కాదు. వచ్చే గురువారమే ఆపరేషను. నాన్న చేతులు నలుపుకున్నాడు. శుక్రవారం డిపో పందిరి ఎక్కించాలి. ఒక్క పది రోజులు ఆగితే పని ఒడ్డున పడుతుందనీ, పది రోజుల్లో మునిగిపోయేదేముందనీ మెల్లగా అన్నాడు.

డాక్టరమ్మ వాదించలేదు. చెయ్యి చాపి నా దగ్గర పుస్తకం అడిగి తీసుకుంది. డిపో పేజీ తెరిచింది.

"ఈ పది రోజులు పోయాక మీ అమ్మాయి ఇక్కడ ఏ రింగు కుట్టాలి?"

నాన్న నా వైపు తిరిగాడు.

"ఇంతకన్నా పెద్దది మన దగ్గర లేదు నాన్నా," అన్నాను.

ఆయన పుస్తకం మూసి నాకిచ్చాడు. తరవాత లేచి, "గురువారం ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాడు.

డిపో పందిరి మంగళవారమే ఎక్కించేశాం. నలుగురు కూలీలతో నిచ్చెన మీదికి నేనే ఎక్కాను. నాన్న జీవితంలో మొదటిసారి, ఎక్కించినంత మేర పరుచుకున్న నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని, కింది నుంచి కేకలేశాడు. నా ముళ్ళు చూసి, కొత్త బూట్లకు కట్టినట్టున్నాయన్నాడు. సాయంత్రానికి పని అయిపోయింది. డిపో అధికారి చేతులు వెనక్కి కట్టుకుని ఆరు వరసలూ నడిచి, మూడో వరస కింద ఆగాడు.

"ఇక్కడ ఉబ్బింది మేస్త్రీ. ఇలాగే ఉంటుందా?"

నాన్న నోరు తెరిచాడు. ఆ మాట పెదవి దాకా వచ్చి ఆగడం నేను నిచ్చెన మీంచి చూశాను. నేనూ చెప్పలేదు. అమ్మ తాళ్ళు చుట్టడంలో మునిగిపోయింది. అధికారి మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున కోసే డాక్టరు వచ్చి చేయబోయేది వివరించాడు. గడ్డ దగ్గర రంగు మందు ఎక్కించి, అది ముందుగా ఏ గ్రంథిలోకి చేరుతుందో చూసి, ఆ గ్రంథిని కూడా తీసి పరీక్షిస్తారట. పందిరి మీద నీళ్ళు పోసి ఏ కుట్టులోంచి కారుతుందో చూసినట్టేగా అన్నాడు నాన్న. డాక్టరు సరిగ్గా అంతే అన్నాడు. తరవాత ఊదారంగు కలంతో మెడ మీద, గడ్డకు దూరంగా, చుట్టూ గీత గీశాడు. నాన్నకు కనబడదు. నన్ను పిలిచాడు.

"ఎంత వదిలారు?"

"చుట్టూ రెండు సెంటీమీటర్లు. వేలున్నర ఉంటుంది."

"చాలదు. నాలుగు వేళ్ళని చెప్పు."

డాక్టరు నవ్వాడు. రోగులంతా తక్కువ కొయ్యమని బతిమాలతారు, ఎక్కువ కొయ్యమన్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానన్నాడు. మెడలో అంత చోటు లేదనీ, మిగిలిన అంచును తరవాత రేడియేషను చూసుకుంటుందనీ చెప్పాడు. నాన్న నవ్వలేదు. గుడ్డ మీద జాలిపడొద్దని మాత్రం చెప్పమన్నాడు. నేను చెప్పాను. ఇంకొకరి ఎదట గొంతు వణక్కుండా నేను మాట్లాడిన మొదటి మాట బహుశా అదే.

కోసిన చోట తొడ మీది చర్మం తెచ్చి వేశారు. అమ్మ దాన్ని పరీక్షగా చూసి, కుట్లు దగ్గర దగ్గరగా బాగానే పడ్డాయంది. పన్నెండు రోజులకు కబురు తెలిసింది. అంచులు శుభ్రం. కానీ ఆ మొదటి గ్రంథిలో కొన్ని కణాలు దొరికాయి. కొన్నంటే ఎన్ని అని అమ్మ అడిగింది. కొన్నే, కానీ ఉన్నాయి, అన్నాడు డాక్టరు. ఐదు వారాల రేడియేషను. ఆ తరవాత మూడు నెలలకోసారి పరీక్షలు. తిరిగి వచ్చేదుంటే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే వస్తుందనీ, అంతవరకూ కాపలా కాయాలనీ చెప్పాడు. ఒకవేళ వస్తే ఒంట్లోని రక్షణ బలగాన్నే దాని మీదికి ఉసిగొలిపే మందులున్నాయని కూడా చెప్పాడు. ఆసుపత్రికి వెళ్ళని రోజుల్లో కాపలా నాది. దినం తప్పకుండా ఆయన మెడా, చెవుల కిందా, దవడ కిందా, డాక్టరమ్మ చూపించినట్టే వేళ్ళతో వెతకాలి.

రేడియేషను రెండో వారంలో, ఆసుపత్రి నుంచి వస్తూ డిపోలో బస్సు మారుతుండగా వాన మొదలైంది. ఆ ఏటికి అదే మొదటిది. జనమంతా మా పందిరి కిందికి పరుగెత్తుకొచ్చారు. నాన్న వాళ్ళను తప్పించుకుంటూ మూడో వరస కిందికి నడిచి, తల వెనక్కి వంచలేక, నన్ను చూడమన్నాడు. గుడ్డ మీద చినుకులు మోగుతున్నాయి. కాన్వాసు రంగు ముదురుతోంది. ఒక ఘడియ అలా నిలబడ్డాం. ఉబ్బు మెల్లగా, ఎవరో పైనుంచి అంచులు పట్టి లాగుతున్నట్టు, చదునైపోయింది.

"పోయిందా?"

"పోయింది."

"గుడ్డకి అది నిజమే," అన్నాడు.

ఇంటికొచ్చాక స్టూలు మీద కూర్చుని, తనంతట తనే మెడ వంచాడు. నేను చేతులు కడుక్కుని వెనక నిలబడ్డాను. అమ్మ మిషను ఆపి మా వైపే చూస్తోంది. ఒక పక్క, రెండో పక్క, దవడ కింద. ఏమీ తగల్లేదు. చివరగా, అతికిన చర్మం నడుమ వేలి కొస ఆనించాను.

"పెట్టావా?" అన్నాడు.

"పెట్టాను."

"తెలియడం లేదు."

వేలు కొంచెం పక్కకు జరిపాను. తెలియలేదన్నాడు. ఇంకొంచెం. లేదన్నాడు. కుట్ల గీత దాటాను, రింగుల కొలతలు అన్నీ దాటాను, ఊదారంగు గీత ఉండిన చోటు దాటాను. ఆయన భుజం సన్నగా కదిలింది.

"ఆఁ. అక్కడ," అన్నాడు నాన్న. "అక్కణ్ణించి నేనే."